తేరుకుంది

మూడేళ్ల కిందట మా ఊరి బడి మైదానంలో మైకు పట్టుకుని మా ఆయన ఒక్క మాటన్నాడు. ఆ మాట మా అత్తగారి గురించి అన్నాడా, సముద్రం గురించి అన్నాడా అన్నది నాకిప్పటికీ తేలలేదు. పొద్దున్నే దీపం పెట్టి కళ్లు మూసుకున్నప్పుడు మనసు జారితే అది పోయేది ఆ మాట దగ్గరికే. ఇలాంటివి దేవుణ్ని అడగవచ్చో లేదో నాకు తెలియదు. మా ఆయన్ని మాత్రం ఒకసారి అడిగాను. ఆయన కంచంలోంచి తలెత్తలేదు.

ఆ ఏడు పుష్యమాసంలో మా తీరానికి సముద్రం తవ్వే ఓడ వచ్చింది. జెట్టీ కడతారట, పడవలు రావాలంటే లోతు చెయ్యాలట. మాది ఉద్దానంలో ఒడ్డుకు దగ్గరి ఊరు. కొబ్బరితోటలు దాటితే మా జీడితోట, అది దాటితే ఇసక, ఇసక మీద చేపలవాళ్ల పేట. తిత్లీ తుపానుకి మా జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మళ్లీ వేసిన మొక్కలు సరిగా పట్టుకోలేదు. తవ్విన ఇసక కుప్ప పొయ్యడానికి ఆ నేల కావాలని కంట్రాక్టరు మనిషి మహీధర్ వచ్చి అడిగితే, మా ఆయన త్రినాథరావు కౌలుకి ఇచ్చాడు. ఊరికే పడున్న నేలే కదా అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మాఘం నుంచి చైత్రం దాకా మా సముద్రం ఏటా తేటగా ఉంటుంది. మొలలోతు నీళ్లలో నిలబడితే కాలి మెట్టెలు కనపడతాయి. ఆ ఏడు ఓడ మూలుగు మొదలైన కొద్ది రోజులకే అది బియ్యం కడిగిన నీళ్లలా అయిపోయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయి హేమలత విశాఖ నుంచి వచ్చింది. అక్కడ ఎమ్మెస్సీ చదువుతుండేది. సముద్రపు నీళ్లలో తేలే మట్టి రేణువులు వెలుతురిని ఎలా చెదరగొడతాయో కొలిచి రాయాలట, అదీ దాని పని. మా అత్తగారు రత్నాలమ్మ విని నవ్వింది.

"ఎలుతురికి మట్టంటుకుంతాదేటే? సదివి సదివి నీకే మసక తగిలినట్టుంది."

హేమ వంటింటి కిటికీ మూసింది. గాజుగ్లాసులో నీళ్లు పోసి, పక్కనుంచి ఫోను లైటు పట్టింది. నీళ్లలో ఏమీ కనపడలేదు. ఒక్క చుక్క పాలు వేసి కలిపి మళ్లీ పట్టింది. ఈసారి గ్లాసు మధ్యలో లేత నీలంగా వెలుతురు బాట పడింది. ఎదుటి వైపుకి వెళ్లి చూడమంది. అటు నుంచి చూస్తే అదే లైటు సాయంత్రపు సూర్యుడిలా ఎరుపు తిరిగి ఉంది.

"ఒకటే లైటు కదా మామ్మా. దారిలో అడ్డొచ్చిన రేణువల్లా కాస్త కాస్త వెలుతురుని పక్కకి తోసేస్తది. అలా చెదిరిందే మన కంటికి తగులుతున్నది. మట్టి మరీ ఎక్కువైతే ఎండ కిందకి దిగనే దిగదు, పైపైనే చెదిరిపోద్ది."

తరవాత ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి లైటు పట్టింది. బాట పడలేదు.

"ఉప్పుంది కదే, కనపడదేం?" అన్నాను.

"కరిగిపోయింది కదమ్మా. కరగకుండా తేలేదే కనపడద్ది. కరిగిపోయింది కనపడదు. నోట్లో పోసుకుంటేనే తెలుస్తది."

మా పూజగది పెంకుల సందులోంచి ఎండ పడినప్పుడు అందులో దుమ్ము ఆడడం నేను రోజూ చూసేదే. ఆ దుమ్మే లేకపోతే ఎండ దారి నాకు కనపడేది కాదన్నమాట. దేవుడి వెలుతురు కంటపడాలన్నా మధ్యలో ఇంత మలినం ఉండాలా అని అడగాలనిపించింది. ఎవరిని అడగాలో తోచక గ్లాసులు కడిగి బోర్లించాను.

కొలతకి దానికో తెల్లని పళ్లెం కావాలి, తాడు కట్టి నీళ్లలోకి దించడానికి. ఏ లోతున పళ్లెం కంటికి ఆనడం మానేస్తుందో చూడాలట. మా అటక మీద అలాంటిది ఒకటుంది. ఇనప రేకు మీద తెల్ల పింగాణీ పూత, చుట్టూ నీలం అంచు. అది మాది కాదు, వరహాలమ్మది.

వరహాలమ్మ పేట నుంచి వచ్చి ఇంటింటికీ చేపలమ్మే మనిషి. తిత్లీ మర్నాడు మా వంటిల్లు కూలి, బియ్యం తడిసి, ఇంటిల్లిపాదీ అరుగు మీద కూచుని ఉంటే, మోకాల్లోతు నీళ్లలో నడిచి ఆ పళ్లెం నిండా అన్నం తెచ్చింది. దసరా నవరాత్రులని గుర్తుపెట్టుకుని, ఎండుచేప వెయ్యకుండా పులుసు కాచి మరీ తెచ్చింది. ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపకూడదు, ఏదో ఒకటి వేసి పంపాలి. అప్పుడు వెయ్యడానికి మా ఇంట్లో ఏమీ లేదు. తరవాత అన్నీ సమకూరాయి గానీ, ఈలోపు చేపలమ్మే మనిషి పళ్లెం వంటింట్లో ఎందుకని మా అత్తగారు దాన్ని అటకెక్కించింది. వరహాలమ్మ అడగలేదు, నేను ఇవ్వలేదు. ఏళ్లు గడిచిపోయాయి.

హేమ ఆ పళ్లెం పట్టుకుని తిన్నగా పేటకే వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. తాడు పోవడానికి నడిమధ్యన బెజ్జం పెట్టాలని చెప్పింది.

"ఎట్టుకోమ్మా. మీకు కూడెట్టిన పల్లెం, సముద్రానికెట్టదేటి?" అంది వరహాలమ్మ. "పనయ్యాక నా పల్లెం నాకియ్యాల, అంతే." నా వైపు చూసి నవ్వి, "కాళీగా కాదులే," అని కూడా అంది.

ఆడపిల్ల ఒక్కతీ సముద్రం మీదికి వెళ్లడమేమిటని నేనూ పడవెక్కాను. పడవ వరహాలమ్మ కొడుకు నీలకంఠానిది. ముందు ఓడకి చాలా దూరంగా, దక్షిణం వైపు తీసుకెళ్లాడు. పళ్లెం కింద ఇనప ముక్క కట్టి హేమ మెల్లగా తాడు వదిలింది. పళ్లెం తెల్లగా దిగింది, తరవాత లేత ఆకుపచ్చగా మారింది, ఆ తరవాత పలచని మబ్బు వెనక చందమామలా ఉండీ లేనట్టయింది. మూడు బారల తాడు దిగాక గానీ పూర్తిగా మాయం కాలేదు. అక్కడి నుంచి ఓడ దగ్గరికి వచ్చాం. ఇక్కడ పళ్లెం నీళ్లను తాకి మూరెడు దిగిందో లేదో, లేదు. నెత్తి మీద ఎండ మండిపోతూనే ఉంది. నేను చెయ్యి ముంచి చూసుకున్నాను. మోచేతి కింద నా చెయ్యి నాకు కనపడలేదు.

ఒడ్డుకి వచ్చేసరికి మహీధర్ ఉన్నాడు. కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడతాడు. కలక నీళ్లయితే చేపకి వల కనపడదు, మీకే మంచిది కదా, ఎందుకింత గోల అని అడిగాడు.

వరహాలమ్మ బుట్ట సర్దుకుంటూ, "సేపకి వల కనబడదని నువ్వు మురిసిపోతన్నావు బాబూ," అంది. "వలకి సేప కనబడాల కదేటి."

పడవ చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. మహీధర్ కూడా నవ్వాడు. ఒడ్డున నిలబడి అలివి వల లాగితే బురద తప్ప ఏమీ రావడం లేదని, పూటకి పులుసులోకి కూడా దొరకడం లేదని నీలకంఠం చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మాఘ పౌర్ణమి వచ్చింది. సముద్రస్నానం మా అత్తగారు ఏ ఏడూ మానలేదు. ఈసారి వద్దత్తా, నీళ్లు బాగోలేవు అంటే, గంగమ్మకి బాగూ ఓగూ ఏటే అని కసిరింది. ఆవిడ చెయ్యి పట్టుకుని నేనే దించాను. ఏటా నిలబడే చోటే అది. ఓడ తవ్వకానికి అక్కడి అడుగు ఎప్పుడు జారిపోయిందో మాకు తెలియదు. తెల్లగా నురగలా ఉన్న నీళ్లలో ఏమీ కనపడలేదు. ఒక్క అడుగు ముందుకు వేసి ఆవిడ నా చేతిలోంచి పోయింది. అరిచాను. నీళ్లలోకి చూస్తే నీళ్లే. అంతలో ఒడ్డున ఉన్న వరహాలమ్మ చీర ఎగదోపుకుని దూకింది. కళ్లతో వెతకలేదు, కాళ్లతో తడిమి వెతికింది. జుట్టు పట్టి పైకి లాగేసరికి ఆవిడ నోట్లోంచి బురద నీళ్లు కారుతున్నాయి.

పలాస ఆస్పత్రిలో చాలా రోజులున్నాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు, జ్వరం వచ్చింది, మాట పడిపోయింది, మళ్లీ మెల్లగా వచ్చింది. ఎవరు ఫోను చేసినా ఒకటే ప్రశ్న, ఎలాగుంది అని. మా ఆయన మొదట్లో చూడాలి అనేవాడు, తరవాత పర్వాలేదు అనేవాడు, ఇంటికి తెచ్చేనాటికి తేరుకుంది అనడం అలవాటైపోయింది. ఆస్పత్రి మెట్ల మీద, బస్టాండులో, మందుల షాపులో ఎవరు పలకరించినా అదే మాట.

ఇంటికి వచ్చిన మర్నాడు వరహాలమ్మ, నీలకంఠం, పేట పెద్దలు మా అరుగు ముందుకి వచ్చారు. జెట్టీ పని మీద జనం మాట వినడానికి ఆఫీసరు వస్తున్నాడు, బడి మైదానంలో సభ. హేమ తన కొలతలు చెబుతుంది. కానీ అది చదువుకునే పిల్ల. తమ మాటేమో బతుకుతెరువు కోసం ఏడ్చే ఏడుపులా వినపడుతుంది. ఊళ్లో భూమి ఉన్నవాడు, ఓడ వాళ్లకి నేల ఇచ్చినవాడు చెబితే దానికి బరువుంటుంది.

"పని మానీమని అనం బాబూ," అంది వరహాలమ్మ. "నీరు తేరేదాకా ఆపమనండి. ఆ ఒక్క మాట సాలు."

మా ఆయన చాలాసేపు తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ ఉన్నాడు. తరవాత, "మా అమ్మని బయటికి లాగినదానివి. చెబుతాన్లే," అన్నాడు. ఆ మాట నేను గుమ్మంలో నిలబడి విన్నాను. హేమ కూడా విన్నది. ఆ పూట తండ్రికి అది కొసరి కొసరి వడ్డించింది.

సభ రోజున పొద్దున్నే మహీధర్ మా ఇంటికి వచ్చాడు. మా అత్తగారికి పళ్లు తెచ్చాడు. అరుగు మీద మా ఆయనతో ఏవో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లాడు. అవేమిటో నాకు తెలియదు.

మైదానంలో షామియానా వేశారు. ఒకవైపు పేటవాళ్లు, వెనక కుర్చీల్లో మహీధర్ తెచ్చిన మనుషులు. మా అత్తగారికి మందిచ్చి రావడంతో మా ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఆ సంగతి ఎవరో ఆఫీసరు చెవిలో వేశారు. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, అయ్యో అన్నట్టు తలాడించాడు. అప్పటికే హేమ బెజ్జం పెట్టిన పళ్లెం బల్ల మీద పెట్టి, తాడు చూపించి, అక్కడ ఇంత, ఇక్కడ ఇంత అని చెబుతోంది. వెనక నుంచి ఎవడో, "మా ఇంట్లో కూడా ఉందమ్మా పళ్లెం, బెజ్జం లేదంతే," అంటే నవ్వులు లేచాయి. హేమ తాడు చుట్టి పళ్లెం పక్కన పెట్టింది. మాఘ పౌర్ణమినాడు మా మామ్మ మునిగిందీ ఆ నీళ్లలోనే అని చెప్పి కూచుంది.

మైకు మా ఆయనకిచ్చారు. ఆఫీసరు ఆయన్ని చూసి అడిగాడు.

"త్రినాథరావుగారూ, ఇప్పుడెలా ఉందండీ?"

"తేరుకుందండి."

మైదానం నాలుగు మూలలా వినపడింది. మన భాషలో ఆడమనిషికీ సముద్రానికీ క్రియ ఒకటే. వెనక కుర్చీల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఆఫీసరు, "అలాగైతే సంతోషం," అన్నాడు. పక్కనున్న గుమాస్తా తలవంచి రాసుకున్నాడు.

ఆఫీసరు అడిగింది ఎవరి గురించో నేను చెప్పలేను. పళ్లెం ఆయన ముందే ఉంది. మా అత్తగారి సంగతీ ఆయన చెవిన పడే ఉంది. చప్పట్లు ఆగేదాకా మా ఆయన మైకు పట్టుకునే నిలబడ్డాడు. ఏమైనా అనడానికి వ్యవధి ఉంది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. పేటవాళ్లంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన మైకు పక్కవాడికి ఇచ్చి కూచున్నాడు.

వరహాలమ్మ చెంగు దులుపుకుని లేచింది. హేమ లేచి వెళ్లి బల్ల మీది పళ్లెం తీసుకుని, చున్నీతో తుడిచి, గుండెలకి ఆనించుకుని బయటికి నడిచింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే అడిగాను. "అత్త గురించే కదా మీరన్నది?" ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. హేమ కంచం ముందు కూచోలేదు, గోడకానుకుని నిలబడింది.

"నాన్నా, చెప్పు. మామ్మ గురించే కదా?"

"మా అమ్మ తేరుకోలేదేటి?" అన్నాడు ఆయన, తల వంచుకునే. "ఉన్నమాటే అన్నాను."

"ఉన్నమాటే," అంది హేమ. "ఉప్పు కలిపినట్టు కలిపినావు."

మర్నాడు సోంపేటలో రైలెక్కింది. పళ్లెం అరుగు మీద వదిలి వెళ్లింది. దాన్ని మళ్లీ అటకెక్కించింది నేనే. ఇప్పుడు విశాఖలోనే ఉద్యోగం చేసుకుంటోంది. వస్తుంది, పోతుంది, నాతో ఫోనులో గంటలు మాట్లాడుతుంది. నాన్న తిన్నాడా అని నన్నడుగుతుంది గానీ ఆయన్నడగదు. ఆయనా అంతే. పక్కనే కూచుని ఉండి, దానికి చెప్పు అని నాకు చెబుతాడు.

మా అత్తగారి చెవికి ఆ మాట మర్నాడే చేరింది. నేను జావ పట్టుకెళితే మంచం మీద నుంచి, "నాను తేరుకున్నానని నా కొడుకు మైకులో సాటించినాడటగా," అంది.

"మరి మీకెలాగుందత్తా?"

"ఏటోనమ్మా. రొమ్ములో ఇంకా ఇసకున్నట్టే ఉంది."

ఆషాఢంలో పోయింది. ఆ రోజు కూడా ఓడ మూలుగుతూనే ఉంది.

ఆ ఏడాదే నీలకంఠం పడవ అమ్ముకుని గుజరాత్ వేరావలులో ఎవరి మరపడవ మీదో పనికి పోయాడు. పేటలో సగం మంది మగాళ్లు అలాగే పోయారు. వరహాలమ్మ మా వీధికి రావడం మానేసింది. బుట్టతో మా మలుపు దాకా వచ్చి, అక్కడి నుంచి పక్క వీధికి తిరిగిపోయేది. నేను అరుగు మీద ఉన్నా చూసేది కాదు. చూస్తే ఏమనేదాన్నో నాకూ తెలియదు. జెట్టీ సగంలో ఆగింది. ఎందుకాగిందో మాకెవరూ చెప్పలేదు. మహీధర్ ఫోను పలకడం లేదు. ఓడ పోయింది గానీ ఇసక కుప్పలు మా జీడిమొక్కల మీద అలాగే ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఆ కుప్పల్లోంచి సన్నని మన్ను మళ్లీ నీళ్లలోకే పోతోంది.

మొన్న మాఘ పౌర్ణమినాడు స్నానానికి వెళ్లకుండా ఇంట్లోనే తలారా పోసుకుని దీపం పెట్టాను. దండం పెట్టుకుంటూ ఉంటే ఆ మాట దగ్గరికి కాదు, ఆ పళ్లెం దగ్గరికి పోయింది మనసు. లేచి అటక మీద నుంచి దింపాను. చింతపండు పెట్టి తోమాను. బెజ్జం చుట్టూ పింగాణీ పెచ్చులూడి తుప్పు పట్టింది. అరిటాకు ముక్క పరిచి బెజ్జం మూసి, నిండుగా కొత్తబియ్యం పోశాను, పైన ఒక బెల్లపచ్చు పెట్టాను. మా ఆయన అరుగు మీద నుంచి చూస్తున్నాడు. ఎక్కడికని అడగలేదు. నేను మెట్లు దిగుతుంటే లేచి వచ్చి, నా చేతుల్లోంచి పళ్లెం తీసుకున్నాడు.

ఇసక కుప్పల మధ్య నుంచి నడిచాం. ఆయన ముందు, నేను వెనక. వరహాలమ్మ గుమ్మం ముందు నేల మీద కూచుని పాత వల విప్పుతోంది, తాడు దేనికైనా పనికొస్తుందని కాబోలు. మమ్మల్ని చూసి లేవలేదు. పళ్లెం చూసింది. తరవాత మా ఆయన్ని చూసింది.

"ఎలగుంది బాబూ, ఇప్పుడు?"

మా అత్తగారు పోయి మూడో ఏడు నడుస్తోంది. ఇంకెవరి గురించీ అడగడానికి లేదు. మా ఆయన సముద్రం వైపు తిరిగి కాసేపు చూశాడు. అలలు తెల్లగా, మందంగా వచ్చి పడుతున్నాయి.

"తేరుకోలేదు, వరహాలమ్మా."

ఆమె వల విప్పడం ఆపలేదు. "ఇక్కడ మైకు నేదు బాబూ," అంది. ఎత్తిపొడుపో, జాలో గొంతులో తెలియలేదు. మా ఆయన పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ చేతులు దించుకోవడానికి చోటు లేనట్టుగా.

కాసేపటికి వరహాలమ్మ లేచి చేట తెచ్చింది. బియ్యం అందులోకి వంచుకుంది, బెల్లం ముక్క తీసి పక్కన పెట్టింది, అరిటాకు తీసి అవతల పారేసింది. పళ్లెం ఎత్తి బెజ్జంలోంచి ఒకసారి చూసి, చెంబుడు నీళ్లతో కడిగి, గోడవార ఎండలో బోర్లించింది.

తరవాత నా వైపు తిరిగి, "కాళీగా తేనేదులే," అంది.